మొక్కకి నెల పేరు తెలియదు: ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉద్యాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పెరట్లోనూ మిద్దె మీదా కూరగాయలు పండించేవాళ్ళం, అలాంటివాళ్ళకి నారు పోసి ఇచ్చేవాళ్ళం కలిసి రాస్తున్న లేఖ ఇది. విషయం ఇంటితోటల పంటల క్యాలెండర్. ఎడమవైపు పంట పేరు, పైన పన్నెండు నెలలు, మధ్యలో ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా విత్తుకోవచ్చని ఒక రంగు గీత. ఏ శాఖ అచ్చువేసినా దాదాపు ఇదే తీరు. గోడకి తగిలించుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ మొక్కకి నెల పేరు తెలియదు. దానికి తెలిసినవి నాలుగే: వేరు దగ్గర మట్టి వేడి, రాత్రి చల్లదనం, పగటి పొడవు, తడి. ఈ నాలుగూ సముద్రం ఒడ్డున ఒక రకంగా, పీఠభూమిలో ఒక రకంగా, కొండ మీద మరో రకంగా ఉంటాయి. ఒకే ఇంట్లో పెరటికీ మిద్దెకీ కూడా పొంతన ఉండదు. అందుకని ఆ క్యాలెండర్‌ని నెలల లెక్కలోంచి తీసి గుర్తుల లెక్కలోకి మార్పించమని మా విన్నపం.

టమాటాతో మొదలుపెడతాం, ఎక్కువమంది దెబ్బతినేది దానితోనే. పగలు 21 నుంచి 29 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉంటే పిందె చక్కగా పడుతుంది. పగలు 35 దాటి, రాత్రి కూడా 24కి దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. రాత్రి 13 కన్నా తగ్గినా అదే గతి. పూత రాలుతుంటే చాలామంది బలం తక్కువైందనుకుని ఇంకో గుప్పెడు ఎరువు వేస్తారు. నత్రజని ఎక్కువై చెట్టు ఆకుతో గుబురెత్తుతుంది, కాయ మాత్రం రాదు. తప్పు ఎరువులో లేదు, విత్తిన తేదీలో ఉంది.

విత్తిన 25 నుంచి 30 రోజులకి నారు నాటడానికి వస్తుంది. నాటిన మరో 25, 30 రోజులకి పూత మొదలవుతుంది. అంటే విత్తనానికీ పూతకీ మధ్య ఇంచుమించు 55 రోజులు. కాబట్టి విత్తే రోజున చూడాల్సింది ఆ రోజు ఎండా వానా కాదు, 55 రోజుల తర్వాత రాత్రులు ఎలా ఉంటాయన్నది. క్యాలెండర్‌లో ‘చలికాలపు పంట’ అని ఉంటే జనం చలి తగిలాక విత్తుతారు. పూత వచ్చేసరికి చల్లటి రాత్రులు సగం అయిపోతాయి. కాయ ఊరే వేళకి ఎండ ముదిరి, ఎర్రనల్లి పట్టి, ఆకులు రాగిరంగుకి తిరుగుతాయి. అదే, రాత్రి 20 డిగ్రీలకి దిగే రోజులు పట్టుకుని అక్కణ్ణుంచి 55 రోజులు వెనక్కి లెక్కపెడితే విత్తే తేదీ వస్తుంది. వానలు చలికి ముందు ముగిసే చోట అది సరిగ్గా వానల మధ్యలో పడుతుంది. ఇక్కడే అసలు ఇబ్బంది.

వానల్లో పోసిన నారు చావడానికి పెద్ద కారణం నారుకుళ్ళు. ముందురోజు నిటారుగా ఉన్న మొలక తెల్లారేసరికి నేలకి ఒరిగి ఉంటుంది. పీకి చూస్తే మట్టి తగిలే చోట కాడ దారంలా సన్నబడి, నీరుపట్టి ఉంటుంది. పై ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. ఒత్తుగా చల్లడం, మట్టి ఆరకపోవడం, గాలి ఆడకపోవడం ఈ మూడూ కలిస్తే వచ్చే తెగులిది. వచ్చాక చేయగలిగింది తక్కువ, రాకుండా చేయగలిగింది చాలా. నారుమడి నేలకన్నా 15 సెంటీమీటర్లు ఎత్తుగా, మీటరు వెడల్పుతో ఉండాలి. విత్తనం చల్లకుండా 5 సెంటీమీటర్లకొక వరుస గీసి, అర నుంచి ఒక సెంటీమీటరు లోతున వేయాలి. మడికి 60 సెంటీమీటర్ల పైన పాలిథిన్ కప్పు కట్టాలి, నాలుగు పక్కలా తెరిచే ఉంచాలి. పక్కలు మూసేస్తే లోపల ఆవిరి పట్టి, వానకన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. తడి పొద్దున్నే పెట్టాలి, సాయంత్రానికి పైమట్టి ఆరాలి. ఇంటితోట వాళ్ళకి ఇచ్చే కరపత్రంలో ఈ నాలుగు వాక్యాలుంటే చాలా నారు బతుకుతుంది. ‘నాణ్యమైన నారు వాడండి’ అన్న వాక్యం వల్ల ఒక్క మొక్కా బతకదు.

పగటి పొడవు సంగతి క్యాలెండర్‌లో బొత్తిగా ఉండదు. పందిరి చిక్కుడు పాతరకాలు చాలావరకు పగలు చిన్నబడితేనే పూస్తాయి. ముందే విత్తితే తీగ పందిరంతా అల్లుకుంటుంది, పూత మాత్రం ఆలస్యంగా విత్తిన పక్కింటి తీగతోపాటే వస్తుంది. అన్ని నెలలు నీళ్ళు పోసినందుకు మిగిలేది ఆకు, దాని మీద పేనుబంక. ఉల్లి దీనికి తలకిందులు, దానికి పగలు ఒక పొడవు దాటాలి. పొట్టి పగటి రకాలు 11, 12 గంటల పగలుకే గడ్డ కడతాయి. పొడుగు పగటి రకాలకి 14 గంటలు కావాలి. భూమధ్యరేఖకి దగ్గరి ప్రాంతాల్లో అంత పగలు ఎప్పుడూ ఉండదు కనుక అక్కడ ఆ రకం ఉల్లికాడలకి తప్ప దేనికీ పనికిరాదు. విత్తన పొట్లం మీద ‘ఉల్లి’ అని మాత్రమే ఉంటే కొన్నవాడు ఏం చేయాలి?

కాలీఫ్లవర్‌ది ఇంకా సున్నితమైన వ్యవహారం. తొందర రకాలు 20 నుంచి 27 డిగ్రీల్లో పువ్వు కడతాయి, ఆలస్యపు రకాలకి 10 నుంచి 16 డిగ్రీల చలి కావాలి. తొందర రకాన్ని ఆలస్యంగా వేస్తే మొక్క ఎదగకముందే గుండీ అంత పువ్వు కట్టి ఆగిపోతుంది. ఆలస్యపు రకాన్ని ముందుగా వేస్తే ఆకులు తప్ప పువ్వే రాదు. రెండింటికీ పొట్లం మీద బొమ్మ ఒకటే.

మట్టి వేడి విషయానికొస్తే, బెండ గింజ 18 డిగ్రీల కన్నా చల్లటి మట్టిలో మొలవడానికి మొరాయిస్తుంది, చాలావరకు కుళ్ళిపోతుంది. మిరప, వంగ మొలవడానికి 25 నుంచి 30 హాయి. లెట్యూస్ గింజ దీనికి వ్యతిరేకం, మట్టి 30 దాటితే నిద్రపోతుంది. చాలామంది విత్తనం పాతదనుకుని పారేస్తారు. దీనికి పెద్ద పరికరం అక్కర్లేదు. పుల్లలాంటి థర్మామీటర్‌ని 5 సెంటీమీటర్ల లోతుకి గుచ్చి, పొద్దున 9 గంటలకి వరుసగా మూడు రోజులు చూస్తే సరిపోతుంది. ఒక్కరోజు చూసి విత్తితే ముసురు మోసం చేస్తుంది.

అన్నట్టు, వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రత ఎవరి తోటదీ కాదు. దాన్ని ఆరుబయట, నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో, గాలాడే తెల్లపెట్టెలో, నీడలో కొలుస్తారు. పడమటి గోడ పక్కన మడికి పగలంతా తాగిన వేడిని ఆ గోడ రాత్రి వదులుతుంది. పల్లపు మూలకి చల్లగాలి దిగి నిలుస్తుంది. మిద్దె మీద నల్ల గ్రో బ్యాగ్‌కి సాయంత్రపు ఎండ తగిలితే ఆ వైపు మట్టి 45 డిగ్రీలు దాటుతుంది, 40 దాటాకే చాలా కూరగాయల వేళ్ళు పని మానేస్తాయి. మట్టి తడిగానే ఉన్నా మధ్యాహ్నం మొక్క వాలిపోయేది ఇందుకే. దాహమనుకుని మళ్ళీ నీళ్ళు పోస్తే వేరుకుళ్ళు. అక్కడ చేయాల్సింది సంచికి పడమటి వైపు గోనెపట్టా చుట్టడం, అడుగున రెండు ఇటుకలు పెట్టి కాంక్రీటుకి అంటకుండా లేపడం. మీ శాఖ సలహాపత్రాల్లో మిద్దెతోటకి వేరే పేజీ ఉండాలని అడుగుతున్నది కూడా ఇందుకే.

ఎవరి తోట తేడా వాళ్ళే పట్టుకోవచ్చు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపే థర్మామీటర్‌ని మొక్కల ఎత్తులో, నీడలో వేలాడదీసి, రెండు వారాలు రాసుకుని, దగ్గరి కేంద్రం అంకెలతో పోల్చాలి. రాత్రి సగటున 3 డిగ్రీలు ఎక్కువుంటే ఆ కాలమంతా అంచనాకి 3 కలుపుకోవడమే. కాలం మారాక మళ్ళీ కొలవాలి, గోడ నీడ జరుగుతుంది కనుక. 17 డిగ్రీల అక్షాంశంలో 3 మీటర్ల గోడ, ఏడాదిలో అతి పొట్టి పగటి రోజున మిట్టమధ్యాహ్నం రెండున్నర మీటర్ల నీడ వేస్తుంది. 30 డిగ్రీల అక్షాంశంలో అదే గోడ నీడ 4 మీటర్లు. ఎండాకాలంలో చూసి కట్టిన మడి చలికాలంలో నీడలో మునిగితే ముల్లంగి ఆకే పెరుగుతుంది, దుంప ఊరదు.

నీటి లెక్క తేలిక. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకి ఒక లీటరు. చల్లటి రోజున మడి 3, 4 మిల్లీమీటర్లు ఆవిరి చేస్తుంది, ఎండా గాలీ తోడైన రోజున 7, 8 దాటుతుంది. 4 చదరపు మీటర్ల మడికి చలికాలంలో రోజుకి 12 నుంచి 16 లీటర్లు, ఎండాకాలంలో 30 లీటర్ల పైన. 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డో ఆకో కప్పితే ఇందులో బాగా కలిసొస్తుంది. కప్పుని మొదలుకి మాత్రం ఆనించకూడదు. వాన కొలవడానికి నిటారు గోడల డబ్బా, ఒక స్కేలు చాలు. 2 మిల్లీమీటర్ల జల్లు పడితే ఆకులు తడుస్తాయి, వేరుకి చుక్క అందదు. అయినా ‘వాన పడిందిగా’ అని ఆ రోజు తడి మానేస్తారు.

మట్టి పదును, అంటే తవ్వడానికి తగినంత తడి ఉందా అన్నది, చూడకుండా తవ్వడం ఇంకో తప్పు. గుప్పెడు మట్టి పిసికి బొటనవేలితో నొక్కితే ముద్ద పొడిగా విడిపోవాలి. వేలి కింద నిగనిగలాడుతూ సాగితే ఇంకా రెండు రోజులు ఆగాలి. తొందరపడి బంకమట్టిని తిరగేస్తే అది ఎండి ఇటుక పెళ్ళలవుతుంది, ఆ పంటకాలమంతా క్యారెట్ వంకర్లు పోతుంది. తొలివాన పడగానే పొట్లాలు పంచి, ఫొటోలు దిగి, ‘వెంటనే విత్తండి’ అని చెప్పడం వల్ల జరిగేది ఇదే.

ఎండలు మండే నెలల్ని క్యాలెండర్లు ఖాళీగా వదిలేస్తాయి. మా దృష్టిలో ఏడాదిలో అతి ముఖ్యమైన పని అప్పుడే ఉంది. పంట లేని మడిని చదునుచేసి, బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు మట్టికి అంటేలా పరిచి, అంచులు మట్టిలో పూడ్చి 4 నుంచి 6 వారాలు వదలాలి. పైపొరల్లో కలుపు గింజలు, నులిపురుగులు, కుళ్ళు తెగుళ్ళ శిలీంధ్రాలు చాలావరకు చస్తాయి. నల్ల షీటు పరిస్తే పని సగమే అవుతుంది, ఎందుకంటే వేడి షీటుకే పడుతుంది, మట్టికి దిగదు. తడపకుండా పరిచినా అంతే. తీశాక లోతుగా తవ్వితే అడుగున బతికున్న కలుపు గింజల్ని మనమే పైకి తెచ్చుకున్నట్టు. ఆ రోజుల్లో పండించి తీరాలనుకుంటే బెండ, తోటకూర, బచ్చలి, పాదుజాతులు ఉన్నాయి. ఎండని 35 నుంచి 50 శాతం ఆపే షేడ్ నెట్ చాలు. 75 శాతం వేస్తే కాడలు సాగిపోయి, కాయకూరల్లో పూత తగ్గుతుంది.

ఇక మీ చేతుల్లో ఉన్న పనులు. వాతావరణ శాఖ దగ్గర 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ళ సగటులున్నాయి. సగటు తేదీ ఒక్కటే ఇస్తే లాభం లేదు, ఇంచుమించు సగం ఏళ్ళలో వాన దానికన్నా ఆలస్యమవుతుంది. పదేళ్ళలో ఎనిమిదేళ్ళు ఏ తేదీలోగా వానలు నిలదొక్కుకుంటాయో, ఏ తేదీకి రాత్రులు 20 డిగ్రీలకి దిగుతాయో, మంచు గడ్డకట్టే చోట ఆఖరి గడ్డమంచు ఎప్పుడో ఒక్కో కేంద్రానికీ తీయించండి. క్యాలెండర్‌లో ఆ తేదీ ఒక గడిలో, దాన్నుంచి వెనక్కి లెక్కించాల్సిన రోజులు పక్క గడిలో ఉంటే మిగతాది ఎవరి తోటకి వాళ్ళు సరిచేసుకుంటారు.

విత్తనాల కిట్టుని ఏడాదికొకసారి ఒకే సంచిలో పంచడం మాన్పించండి. పన్నెండు పొట్లాలు ఒకేసారి అందితే పన్నెండూ ఒకే వారం విత్తుతారు, అది మనిషి స్వభావం. కొత్తిమీరా ముల్లంగీ లాంటివి పదిహేను రోజులకోసారి కొంచెం కొంచెంగా వేసుకోవాల్సినవి. మిగిలిన ఉల్లి గింజ గాలిలో తేమ పీల్చుకుని, ఏడాది తిరిగేలోపు సగం మొలక పోగొట్టుకుంటుంది. కిట్టుని మూడు విడతలు చేసి, ఒక్కో విడతా విత్తే తేదీకి మూడు వారాల ముందు చేరితే చాలు.

పొట్లం వెనక ఇప్పుడున్న నినాదం తీసేసి అక్కడ ఇవి వేయించండి: రకం పేరు, అది తొందరదా ఆలస్యపుదా, ఉల్లి అయితే పగటి పొడవు, మొలవడానికి మట్టి వేడి ఎంత, విత్తనం నుంచి పూతకి ఎన్ని రోజులు, ప్యాక్ చేసిన తేదీ. చోటు మిగిలితే ఇంకొక్క మాట: విత్తే ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి ఉంచండి, పది రోజుల్లో 14కి తక్కువ మొలిస్తే ఒత్తుగా వేయండి, 8కి తక్కువైతే పొట్లం మార్చి తీసుకోండి. ఆ మార్చి ఇచ్చే ఏర్పాటు మాత్రం మీరే చేయాలి.

ఇట్లు,
పెరటి, మిద్దెతోటల పెంపకందారులు