వార్షిక నివేదిక: మిషన్ల బాట, నడక-సైకిల్ విభాగం

సభ్యులందరికీ నమస్కారం. పండుగలు, పిల్లల తెలుగు బడి, జమాఖర్చులు వేరే పత్రాల్లో ఉన్నాయి. ఇక్కడ టెక్సస్‌లో శాన్ ఆంటోనియో నది వెంట మిషన్ల బాట మీద ఈ ఏడాది సాగిన నడకలు, సైకిల్ సవారీల సంగతులే.

కొత్త సభ్యుల కోసం ముందు నాలుగు ముక్కలు. ఫ్రాన్సిస్కన్ అనే క్యాథలిక్ సన్యాసులు ఈ నది వెంట నిలిపిన మిషన్లు, అంటే చర్చి చుట్టూ కట్టిన మత ప్రచార స్థావరాలు, ఐదు. 1718లో మొదలైన అలమో శాన్ ఆంటోనియో ఊరి నడిబొడ్డున ఉంది. 1720 నాటి శాన్ హోసే, 1731లో తూర్పు టెక్సస్ నుంచి తరలించిన కన్సెప్సియోన్, శాన్ హువాన్, ఎస్పాడా దానికి దక్షిణాన ఉన్నాయి. 2015లో ఐదింటికీ కలిపి యునెస్కో గుర్తింపు వచ్చింది. దక్షిణాన ఉన్న నాలుగూ జాతీయ పార్కు కింద ఉన్నాయి, టికెట్ లేదు. వాటిని కలుపుతూ నది వెంట సాగే 8 మైళ్ల బాట, మిషన్ రీచ్, పనులు 2013లో పూర్తయ్యాయి. అంతకు ముందు వరదల భయంతో ఆ నదిని తిన్నటి కాలవలా మార్చి వదిలేశారు.

కన్సెప్సియోన్ నుంచి ఎస్పాడాకు బాట మీద ఆరేడు మైళ్లు. సైకిల్ మీద ఆగుతూ చూస్తూ రానూపోనూ నాలుగు గంటలు పెట్టుకోవాలి. నడిచేవాళ్లకు శాన్ హువాన్–ఎస్పాడా ముక్క చాలు. బాట చదునే, మనిషి అలిసేది ఎండకి. నీడ తక్కువ, తాగునీరు మిషన్ల దగ్గర తప్ప దొరుకుతుందని నమ్మకూడదు. ఎండాకాలంలో మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి. గాలి సంగతి కూడా చూసుకోవాలి. వేసవిలో ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది కాబట్టి, పొద్దున్నే దక్షిణానికి ఎదురుగాలిలో వెళ్తే ఎండెక్కేసరికి అదే వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఉత్తరపు గాలి దిగిన రోజున అంతా తిరగబడుతుంది. ఆ రోజు ఎస్పాడా దగ్గర కార్లు పెట్టి ఉత్తరానికి బయల్దేరాలి. వాన పడ్డాక బాట నీటిని దాటే పల్లపు చోట్ల బురద పేరుకుంటుంది, మలుపుల్లో చక్రం జారేది అక్కడే.

పంచర్లన్నిటికీ దాదాపు ఒకటే కారణం, మెస్కీట్ చెట్టు ముల్లు. మన సర్కారు తుమ్మకి ఇది దగ్గర చుట్టం. ఫొటోల కోసం సైకిల్ని గడ్డిలోకి దింపితే అంటుకుంటుంది. గాలి వెంటనే పోదు, ఒక మైలు తర్వాత టైరు మెత్తబడుతుంది. ట్యూబు మార్చి గాలి కొట్టి ముందుకెళ్తే మరో మైలులో మళ్లీ అదే కథ. పాత ముల్లు మొన టైరులోనే విరిగి ఉండిపోవడమే అందుకు కారణం. ట్యూబు తీయగానే ఒక గుడ్డముక్క తీసుకుని టైరు లోపలి వైపు గుండ్రంగా తుడవాలి. ముల్లున్న చోట గుడ్డ పట్టుకుంటుంది. వేలితో తడిమితే ముల్లు వేలికే గుచ్చుకుంటుంది. మొనను పట్టకారుతో బయటికి లాగాకే కొత్త ట్యూబు ఎక్కించాలి.

మిషన్లు నది మీద నుంచి కనపడవు. శాన్ హోసేకి బోర్డు చూసి బాట దిగి వీధుల్లోంచి పోవాలి. ఈ ఏడాది ఎక్కువమంది చూడకుండా దాటిపోయింది మాత్రం ఎస్పాడా అక్విడెక్టుని, అంటే కాలవను మోసే వంతెనని. అది నది బాట మీద లేదు, పడమటి వైపు ఎస్పాడా రోడ్డు మీద ఉంది. మా దృష్టిలో మొత్తం దారిలో చూసి తీరాల్సింది అదే. 1740ల నాటి రాతి కట్టడం, రెండు కమాన్లు. ఎగువన ఆనకట్ట దగ్గర నది నుంచి మళ్లించిన నీరు పల్లానికి దానంతటదే పారుతూ వాగు అడ్డొచ్చిన చోట దాని పైనుంచి దాటుతుంది, వాగు కమాన్ల కిందనుంచి పోతుంది. కోనసీమలో పి.గన్నవరం అక్విడెక్టు చూసినవాళ్లకి వేరే వివరించనక్కర్లేదు. ఇక్కడిది చిన్నది, ఇప్పటికీ నీరు పారుతోంది.

ఈ కాలవలను స్పానిష్‌లో అసెకియాలు అంటారు. కాలవ నీటితో ఒక రోజులో తడిపేంత పొలం చెక్క ఒక సుయెర్తే, అంటే అదృష్టం. చెక్కలు చీటీలు వేసి పంచడంతో ఆ పేరు వచ్చింది. శాన్ హోసే వెనక ఉన్న పిండిమర కూడా కాలవ నీటిదే. దాని నీటి చక్రం నిలువుగా కాక నేలకు సమాంతరంగా తిరుగుతుంది, పళ్ల చక్రాల అవసరం లేకుండా అదే ఇరుసు పైనున్న తిరగలి రాతిని తిప్పుతుంది. ఇవన్నీ కట్టిన చేతులు ఇక్కడి ఆదివాసులైన కోవాహుయిల్తెకాన్ తెగలవి. చాలామంది రోగాలకి పోయారు, వాళ్ల వారసులు ఊళ్లో ఇంకా ఉన్నారు. చర్చిల గోడల ముందు ఫొటోలు దిగేవారికి ఈ మాట కూడా చెప్పాలి.

కన్సెప్సియోన్ చర్చి 1755లో పూర్తయింది. పక్క గదుల్లో ఒకదాని పైకప్పు మీద మీసాలున్న సూర్యుడి బొమ్మ ఉంది, అందరూ ముందు గోడలు చూస్తారు కాబట్టి తలెత్తమని చెప్పాలి. అక్కడ ఫ్లాష్ వద్దు. నాలుగు చర్చిల్లోనూ ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. ఆదివారం పొద్దున హెల్మెట్లతో గుంపుగా లోపలికి పోవడం సరికాదు. ఆదివారాలు మానేసి శనివారాలకే సవారీలు మార్చాం.

రాబోయే ఏడాది ప్రతి సవారీ అక్విడెక్టు దగ్గర ఆగుతుంది, జూన్ నుంచి సెప్టెంబరు వరకు తెల్లవారే బయలుదేరతాం. ప్రతి ఐదు సైకిళ్లకు ఒక సంచి ఉండాలి: రెండు ట్యూబులు, టైరు విప్పే లీవర్లు, పంపు, పట్టకారు, ఆ గుడ్డముక్క. ట్యూబుల సైజు టైరు పక్కన రాసి ఉంటుంది, పేరు నమోదు చేసుకునేటప్పుడు అది కూడా రాయండి.