బ్లీచింగ్ చల్లితే అయిపోయినట్టేనా?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో మూసీ నీళ్ల మీద వచ్చిన వార్త చదివినప్పటి నుంచి కడుపు మండుతూనే ఉంది. 'క్లోరిన్ కలుపుతున్నాం, క్రిములు చచ్చిపోతున్నాయి, టెన్షన్ పడాల్సిన పని లేదు' అని సమీక్షలో ఒక అధికారి సెలవిచ్చారు. మీరు దాన్ని బాక్సు కట్టి మరీ వేశారు. అక్కడున్న విలేకరుల్లో ఒక్కరికైనా ఎదురు ప్రశ్న వేయాలని అనిపించలేదా?

క్రిమి చచ్చింది, సరే. మందులకు లొంగని గుణాన్ని మోసే దాని లోపలి డీఎన్ఏ సంగతేంటి? 1928లోనే ఫ్రెడరిక్ గ్రిఫిత్ అనే ఆయన న్యుమోనియా తెచ్చే బాక్టీరియాను వేడితో చంపి, రోగం తేలేని బతికున్న రకంతో కలిపి ఎలుకలకు ఎక్కించాడు. విడివిడిగా ఇస్తే ఆ రెండూ ఏమీ చేయవు. కలిపి ఇస్తే ఎలుకలు చచ్చాయి, వాటి రక్తంలో రోగం తెచ్చే రకమే బతికి దొరికింది. చచ్చినదాని నుంచి బతికున్నదానికి చేరింది డీఎన్ఏ అని 1944లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీ తేల్చారు. మన ఇంటర్ బోటనీలో జన్యు పరివర్తన పేరుతో ఉన్న పాఠమే ఇది. ఇప్పుడు దాన్ని బిట్ల కోసం బట్టీ పట్టిస్తున్నారు. సర్కారు కాలేజీల్లో మైక్రోస్కోపులు బీరువాల్లోనే బూజు పడుతున్నాయి. ఇక అధికారులను అని ఏం లాభం!

కొన్ని బాక్టీరియాలు ఒంటి మీది సన్నని పోగులతో బయట తేలే డీఎన్ఏను పట్టి లాక్కుంటాయి. దాని రెండు పేటల్లో సాధారణంగా ఒకటే లోపలికి పోతుంది. సొంత డీఎన్ఏతో పోలిక కుదిరిన చోట అది అతుక్కుంటుంది. షెడ్డులో పాడుబడ్డ ట్రాక్టర్ పార్టు విప్పి మన బండికి బిగించుకున్నట్టు. అన్నీ ఈ పని చేయవు. పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాతో చేయించాలంటే ల్యాబులో కాల్షియం క్లోరైడ్ కలిపి, ఐసులో పెట్టి, కాసేపు 42 డిగ్రీల వేడి చూపించాలి. కానీ ఆస్పత్రులను సతాయిస్తున్న ఎసినెటోబాక్టర్ లాంటివి ఎవరూ చెప్పకుండానే చేస్తాయి. గ్రిఫిత్ వాడిన న్యుమోనియా బాక్టీరియా, న్యుమోకాకస్, పెన్సిలిన్‌కు లొంగకుండా పోయింది కూడా తన చుట్టం బాక్టీరియాల ముక్కలు అతికించుకునే. మందులకు లొంగని గుణం పాకడానికి వేరే దారులూ ఉన్నాయి, నిజమే. బతికున్న బాక్టీరియా పక్కదానికి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టను అందించడం అందులో పెద్దది. కానీ క్లోరిన్‌తో చంపాం కదా అని చేతులు దులుపుకునేవాళ్లు ఆలోచించాల్సింది చచ్చినవాటి గురించే. మామూలు మోతాదు క్లోరిన్‌కు బాక్టీరియా చస్తుంది గానీ డీఎన్ఏ అంతా నాశనం కాదు.

ఆ మూసీ నీళ్లెలా ఉంటాయో సార్లు ఒకసారి కారు దిగి చూడాలి. వలిగొండ వైపు కత్వల (చిన్న ఆనకట్టల) కింద నురగ మోకాలి ఎత్తు లేచి, గాలికి ముద్దలు ముద్దలుగా వరి మళ్లలో పడుతుంది. నాటేసే ఆడవాళ్ల కాళ్లకు దురదలు. హైదరాబాద్ పారబోసిందంతా మనం తాగే కృష్ణలోకి వాడపల్లి దగ్గర చేరుతుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. శుద్ధి చేశాకే ఇది!

ఇక మెడికల్ షాపులు. మొన్న ఒక షాపులో నా ముందున్నాయన జ్వరమని చెప్పగానే కత్తెర తీసి యాంటీబయాటిక్ షీటులోంచి మూడు గోలీలు కత్తిరించి ఇచ్చాడు. మందు పేరున్న ముక్క షాపులోనే ఉండిపోయింది. చీటీ అడగలేదు, బిల్లు ఇవ్వలేదు. హెచ్1 జాబితాలోని మందులు (కొన్ని యాంటీబయాటిక్‌లు అందులోవే) అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలని 2014 నుంచి రూలుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఆ రిజిస్టర్ తెరిచి చూసేది ఎన్నడో వాళ్లకే తెలియాలి. ఫ్లోరైడ్ విషయంలోనూ ఇదే తంతు కదా. మన వాళ్ల నడుములు వంగిపోయి, పిల్లల పళ్లు పచ్చబడ్డాక గానీ ఎవరికీ చీమ కుట్టినట్టయినా కాలేదు.

కాబట్టి ఆ అధికారిని మీ పత్రిక తరఫునే అడగండి. మూసీ కాలువ నీళ్లలో మందులకు లొంగని బాక్టీరియా ఉందా, ఆ గుణాన్నిచ్చే జన్యువులు ఉన్నాయా అని ఎప్పుడైనా పరీక్ష చేయించారా? చేయిస్తే ఆ రిపోర్టు కూడా బాక్సు కట్టి వేయండి. చేయించకపోతే, ఏ ధైర్యంతో టెన్షన్ పడొద్దన్నారో రాయండి.

— ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్, నల్లగొండ