కోడి పేగులు, గెద్దలు, ఒంటి ఇంజన్ జెట్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది భోగాపురం దగ్గర పల్లె. ఎయిర్‌పోర్ట్ అనగానే భూముల రేట్లే మాట్లాడుకుంటారు గానీ గెద్దల ఊసే ఎవరూ ఎత్తరండి. ఆదివారం సాయంత్రం మా గెడ్డ (వాగు) దగ్గరకి వచ్చి చూడండి, చికెన్ షాపుల వాళ్లు ఈకలూ పేగులూ గోతాల్లో కట్టి బండి మీద తెచ్చి గట్టు మీంచి విసిరేసి పోతారు, కుక్కలు గోతాం చింపుతాయి, పది నిమిషాలు తిరక్కుండా నెత్తి మీద ముప్పై నలభై గెద్దలు.

ఇదేదో కంపు గొడవ అనుకుంటున్నారు అందరూ, కానీ ఆ గెద్దలు విమానం ఇంజన్లో దూరితే ప్రాణాల మీదకొస్తుందండి. 2021 సెప్టెంబర్‌లో అమెరికా టెక్సాస్‌లో నేవీ ట్రైనింగ్ జెట్ టీ-45 ల్యాండింగ్‌కి వస్తుంటే ఇంజన్లోకి పక్షి దూరింది, ఉన్నదే ఒక ఇంజన్, ట్రైనీ, ఇన్‌స్ట్రక్టర్ ఇద్దరూ ఎజెక్ట్ అయి బతికారు, జెట్ మాత్రం ఇళ్ల మధ్య పడింది. 2020 మేలో కెనడాలో టేకాఫ్ అయిన వెంటనే ఇలాగే ఇంకో ఒంటి ఇంజన్ జెట్ కూలి ఒక ఆఫీసర్ చనిపోయారు. ఆ టీ-45 ని తయారుచేసింది హాక్ అనే బ్రిటిష్ ట్రైనింగ్ జెట్ నుంచే, ఆ హాక్‌లు మనకి గంట ప్రయాణం దూరంలో విశాఖలోని నేవీ విమానాల బేసు ఐఎన్ఎస్ డేగాలో ఉన్నాయి. (బేసు పేరు డేగ, భయం గెద్దలతో!) ట్రైనింగ్ అంటే రన్‌వే చుట్టూ తక్కువ ఎత్తులో తిరుగుతూ దిగడం లేవడం, పక్షులు ఉండేదీ ఆ ఎత్తులోనే, అక్కడ ఇంజన్ ఆగితే నేర్చుకునే కుర్రాడికి ఆలోచించే టైం ఏదండి.

పెద్ద విమానాలకి రెండు ఇంజన్లుంటాయిగా అంటారేమో, 2009లో న్యూయార్క్‌లో అడవి బాతులు రెండిట్లోనూ దూరాయి, హడ్సన్ నదిలో దింపితే 155 మందీ బతికారంటే ఆ పైలట్ చలవే.

1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోనే ఉంది, ఏరోడ్రోమ్ చుట్టూ 10 కిలోమీటర్లలో పక్షులు పోగయ్యేలా మాంసం, చేపల చెత్త పడెయ్యకూడదని. ఒక ఆఫీసులో అడిగితే మా పని కాదన్నారు, ఇంకో చోట బండి లేదన్నారు.

పక్షుల్ని తరమమని నేననట్లేదు, తేలినీలాపురంలో పెలికాన్లని పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకునే శ్రీకాకుళం జిల్లా పక్కనే ఉంది మనకి. మా తీరంలో ముక్కాం ఊళ్లో ఎండుచేపలు ఆరబెట్టుకునే వాళ్ల పొట్టా కొట్టొద్దు, వాళ్లకి వలలు కప్పుకునే ఏర్పాటు చెయ్యండి చాలు. చికెన్ షాపుల సంగతే ముందు. ఆదివారం రాత్రి ఒక్క ట్రాక్టర్ తిప్పి, ఆ గోతాలు ఎత్తి ఊరవతల లోతుగా గొయ్యి తీసి పూడ్పించమనండి, సోమవారం తెల్లారేసరికి గట్టు ఖాళీగా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, భోగాపురం మండలం, విజయనగరం జిల్లా