చిన్నీకి నాన్న రాసేది

చిన్నీకి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నీ ఫోను ఈ మధ్య మోగడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పని ఎక్కువై ఉంటుంది, తెలుసు. మొన్న సరళ వచ్చి, నువ్వు బండి మీద నుంచి పడ్డావని ఎవరో అనుకుంటుంటే విన్నానంది. నిజమో కాదో నువ్వే చెప్పాలి.

అది అలా ఉంచు. రాత్రి పడుకునే ముందు గ్యాస్ రెగ్యులేటరు కట్టేస్తున్నావా? వంటగ్యాసు గాలికన్నా బరువు, నేల మట్టాన పేరుకుంటుంది. వాసన తగిలితే ఏ స్విచ్చీ ముట్టుకోకు, వెలుగుతున్న లైటు కూడా ఆర్పకు. తలుపులు బార్లా తెరిచి బయటికి వచ్చేయ్. అమ్మ ఇప్పటికీ నిద్ర మధ్యలో లేచి వెళ్లి ఆ మీట తడిమి చూస్తుంది. వస్తూ వస్తూ నీ గదిలోకీ తొంగిచూస్తుంది, ఖాళీ అని తెలిసి కూడా.

ఇంతకీ తలకేమైనా తగిలిందా? అప్పుడు బాగానే ఉన్నా, గంటల తర్వాతో మర్నాడో వాంతులు, మత్తు, పెరిగే తలనొప్పి రావచ్చు. అలా ఉంటే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు.

వేణు ఇలాగే ఒకసారి పడి, దులుపుకుని లేచి ఇంటికొచ్చాడు. హెల్మెట్ మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు. మర్నాడు అదే పెట్టుకుని బయల్దేరుతుంటే పెద్దన్నయ్య వాడి చేతిలోంచి లాక్కుని, అరుగు మీద కూర్చుని లోపలి గుడ్డంతా ఊడదీశాడు. తెల్లటి థర్మోకోల్ లాంటి పొర ఒకచోట బొటనవేలు పట్టేంత లోతున నొక్కుకుపోయింది, దాని అంచు నుంచి ఒక పగులు చెవి దాకా పాకింది. ఆ పొర దెబ్బను తను మింగి నలిగిపోతుంది, మళ్లీ పైకి లేవదు. రెండో దెబ్బ నేరుగా తలకే. వేణు కోపంగా నడిచి వెళ్లిపోయాడు. సాయంత్రానికి బండి హ్యాండిల్‌కు కొత్త హెల్మెట్ వేలాడుతోంది. ఎవరు తెచ్చారని వాడు అడగలేదు, అన్నయ్యా చెప్పలేదు. ఆ ఇంట్లో ఒకరినొకరు ప్రేమిస్తున్నామని నోటితో అన్నవాళ్లు లేరు చిన్నీ, పట్టీ బిగించి పంపేవాళ్లే ఉండేవారు.

పట్టీ అంటే గుర్తొచ్చింది. గడ్డం కింద వేలాడేస్తే హెల్మెట్ ఉన్నా లేనట్టే. కింద రెండు వేళ్లు పట్టాలి, అంతకన్నా వదులుండకూడదు. నీకు ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను, చేయి ఆగడం లేదు.

పడ్డావా లేదా అన్నది ముందు రాయి. తిట్టను. పడి ఉంటే ఆ హెల్మెట్ ఇంకెవరికీ ఇవ్వకుండా పగలగొట్టి పారేయ్. కొత్తది నేను పంపిస్తాను, తల చుట్టుకొలత టేపుతో నుదుటి మీదుగా కొలిచి పంపు. అమ్మ పక్కనుంచి అడుగుతోంది, బండి వెనక లైటు వెలుగుతోందా అని. అదీ చూసి రాయి.

నాన్న