మూడో అధ్యాయంలో పోయిన మూడు ఫుట్‌నోట్లు

చెన్నై ట్రిప్లికేన్‌లోని మా డీటీపీ దుకాణంలో పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు దిద్దించుకుంటున్న మీ అందరికీ నమస్కారం. గత నెలలో మా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది. ఎవరి పుస్తకమో చెప్పను. ఏం జరిగిందో మాత్రం ఆయన అనుమతితో పూర్తిగా రాస్తున్నాను, ఎందుకంటే మీ ఫైళ్లలోనూ అది జరిగి ఉండవచ్చు.

అది ఒక విశ్రాంత అధ్యాపకుడి పరిశోధన గ్రంథం. ఆయన ఇచ్చిన వర్డ్ ఫైలులో మూడో అధ్యాయానికి 64 ఫుట్‌నోట్లున్నాయి. మేము దిద్ది పంపినదానిలో 61 మిగిలాయి. ప్రూఫు ఆయన చూశారు, మేమూ రెండుసార్లు చూశాం. ఎవరమూ గమనించలేదు. ఫారాలు (చాలా పుటలు కలిపి అచ్చువేసే పెద్ద కాగితాలు) అచ్చయి బైండింగుకు వెళ్లబోతుండగా ఆయన శిష్యురాలు ఒకరు 27వ ఫుట్‌నోటు దగ్గర ఆగారు. అక్కడ ‘పైదే, పుట 45’ అని ఉంది. ‘పైదే’ అంటే పై ఫుట్‌నోటులో చెప్పిన పుస్తకమే అని. దాని పైన ఉన్నదేమో ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలోని తాళపత్ర ప్రతి సంఖ్య. తాళపత్ర ప్రతికి పత్రం సంఖ్య చెబుతారు కానీ పుట సంఖ్య ఎందుకు వచ్చిందని ఆమె అడిగారు. వెతికితే తెలిసింది: అసలు 27వ ఫుట్‌నోటు ఒక అచ్చు పుస్తకానిది. అది పోయింది. 28వది 27 అయి కూర్చుంది. ‘పైదే’ అన్న మాట వెళ్లి తాళపత్రానికి అతుక్కుంది.

ఇది ఎలా జరుగుతుందో చెప్పాలి. వర్డ్‌లో ఫుట్‌నోటుకు ప్రాణం పుట అడుగున ఉండదు, వాక్యం చివర ఉన్న చిన్న అంకెలో ఉంటుంది. ఆ అంకెను చెరిపితే అడుగున ఉన్న వివరమంతా దానితోపాటే పోతుంది. మా కుర్రవాడు ఒక వాక్యం మొత్తాన్ని ఎంపిక చేసి, దాని మీదే కొత్త వాక్యం టైపు చేశాడు. పాత వాక్యంతోపాటు అంకె పోయింది. ఆ వెంటనే తరువాతి అంకెలన్నీ ఒక్కొక్కటి వెనక్కి జరిగి వరుస సరిచేసుకున్నాయి. చేత్తో కూర్చిన రోజుల్లో అయితే 26 తరువాత 28 కనిపించేది, ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఇప్పుడు వరుసలో ఖాళీ మిగలదు.

కుర్రవాడి మీద నెపం వేయను. దిద్దేటప్పుడు ట్రాక్ చేంజెస్ (చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టి చూపే వర్డ్ సదుపాయం) ఆపి పని చేయమన్నది నేనే. ఎర్ర గీతలు చూసి రచయితలు కంగారుపడుతున్నారని, పని త్వరగా తెములుతుందని అలా చెప్పాను. అది నడిచి ఉంటే పోయిన మూడూ ఎర్రగా కనిపించేవి.

ఒక ఫుట్‌నోటు వెనుక ఎంత ఉంటుందో మాకు తెలియనిది కాదు. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయంలో ఒక పూటంతా కూర్చుని, పాత ప్రతి తెప్పించుకుని, పుట సంఖ్య రాసుకుని వస్తేనే ఆ ఒక్క వరుస పుడుతుంది. అది పోతే పరిశోధకుడు అబద్ధం రాసినట్టు కనిపిస్తాడు. ఈ మాట ఆయన మాతో అనలేదు. నాకే అనిపించింది, ఇప్పటికీ బాధగానే ఉంది. అదృష్టవశాత్తూ అధ్యాయం మారినప్పుడల్లా అంకెలు 1 నుంచి మొదలవుతున్నాయి కాబట్టి చెడింది ఆ ఒక్క అధ్యాయమే. రెండు ఫారాలు మా ఖర్చుతో మళ్లీ అచ్చు వేయించాం. తప్పొప్పుల పట్టిక చాలని ఆయన అన్నా నేను ఒప్పుకోలేదు.

ఇకపై ఫైలు చేతికి రాగానే ప్రతి అధ్యాయంలో చివరి ఫుట్‌నోటు సంఖ్య మీ రసీదు మీద రాసి ఇస్తాం. తిరిగి ఇచ్చేటప్పుడు అదే సంఖ్య ఉండాలి, లేదా ఎక్కడ ఎందుకు మారిందో రాసి ఉండాలి. ట్రాక్ చేంజెస్ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. దీనిలో ఒక ఇబ్బంది ఉంది, ముందే చెబుతున్నాను: తొలగించిన ఫుట్‌నోటు కూడా ఆ మార్పును అంగీకరించేదాకా లెక్కలోనే ఉంటుంది. అందుకే మధ్యలో మీకు పంపే ఫైలులో అంకెలు ఒకటి రెండు ఎక్కువగా కనిపిస్తే అవే చివరి అంకెలనుకోకండి.

‘పైదే’ విషయంలో మీ సహకారం కావాలి. పేరాలు అటూ ఇటూ జరిపితే ఫుట్‌నోట్లు వాటితోపాటే జరుగుతాయి, ‘పైదే’ మాత్రం కొత్త చోట ఎవరు పైనుంటే వారిదైపోతుంది. రాసేటప్పుడు రచయిత ఇంటిపేరు, పుస్తకం పేరులో ఒక ముక్క, పుట సంఖ్య పెట్టండి. ఇంగ్లీషు రచనా నియమాల పుస్తకం చికాగో శైలి గ్రంథం కూడా 2017 నాటి 17వ కూర్పులో ‘ఐబిడ్’ (మన ‘పైదే’ లాంటి మాట) కన్నా ఇలాంటి పొట్టి ప్రస్తావనే మేలని చెప్పింది. ‘పైదే’ ఉంచాలని మీ పర్యవేక్షకులు పట్టుబడితే పని మొత్తం ముగిశాక చివర్లో మేము మారుస్తాం. ‘12వ ఫుట్‌నోటు చూడండి’ లాంటివి కూడా అంకె టైపు చేయకుండా క్రాస్ రిఫరెన్స్‌గా (అసలు అంకె మారితే దానికి తగ్గట్టు మార్చుకోగల లింకుగా) పెట్టాలి. అది మా పని.

చేత్తో అంకె కొట్టి, దాన్ని సూపర్‌స్క్రిప్టు చేసి (చిన్నదిగా పైకి లేపి), పుట అడుగున గీత గీసి రాసే ఫుట్‌నోట్లు ఇంకా చాలామంది పంపుతున్నారు. దయచేసి వద్దు. ఆల్ట్, కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే అసలైన ఫుట్‌నోటు వస్తుంది. ఎఫ్ బదులు డి నొక్కితే ఎండ్‌నోటు, అంటే పుట అడుగున కాక చివర్లో వచ్చేది. ఈ రెండింటిలో ఏది కావాలో ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు, ఒకదానినుంచి మరోదానికి అన్నిటినీ ఒకేసారి మార్చవచ్చు. చేత్తో కొట్టినవాటిని మాత్రం ఒక్కొక్కటిగా మళ్లీ చేయాలి, దానికి ఒక్కోదానికి 3 రూపాయలు తీసుకుంటాం. ఫుట్‌నోటు వద్దనుకుంటే పైన వాక్యంలోని అంకెను చెరపండి. అడుగున రాసింది చెరిపితే అంకె అలాగే ఉండి, ఖాళీ ఫుట్‌నోటు మిగులుతుంది.

పుటలు అమర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో ఫుట్‌నోట్లున్న పుస్తకాలు ఇక చేయం. పేజ్‌మేకర్‌కు ఫుట్‌నోటు అనేదే తెలియదు, ప్రతి పుట అడుగునా చేత్తో అమర్చాలి. దాని తరువాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో ఫుట్‌నోట్లు 2005 నుంచి, ఎండ్‌నోట్లు 2017 నుంచి ఉన్నాయి. యూనికోడ్ తెలుగు (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగేది) కూడా సరిగా వస్తుంది. పాత అక్షరాల అందం పోతుందని కొందరు అంటున్నారు. నాకూ ఆ అక్షరాలంటే ఇష్టమే, కానీ అందానికి ఆధారాన్ని బలివ్వలేను.

ఈ లెక్కలన్నిటివల్ల ప్రతి పుస్తకానికి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. దిద్దుబాటు ధర పెంచడం లేదు.

జనవరి నుంచి మేము దిద్దిన ఫైళ్లు 19. వాటిలో 11 ఫైళ్లను మీరిచ్చిన అసలు ప్రతులతో పోల్చి చూశాం. రెండింటిలో ఒక్కొక్క ఫుట్‌నోటు తగ్గింది. ఆ ఇద్దరికీ ఫోను చేశాం. మిగిలిన 8 ఈ నెలాఖరులోగా చూస్తాం. వాటిలో మూడింటికి అసలు ఫైలు మా దగ్గర లేదు. ఈమెయిల్‌లో కాకుండా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవారు మరొక్కసారి తెచ్చి ఇవ్వండి, మీ ఎదుటే పోల్చి చూపిస్తాం.