సర్వే వాళ్లు అడిగితే

అక్కలూ, చిన్న మాట. ఎవరెవరు ఏం పని చేస్తున్నారో లెక్క రాసుకునే ప్రభుత్వ లేబర్ ఫోర్స్ సర్వే వాళ్లు ఎవరింటికైనా వస్తే "ఖాళీగానే ఉంటానండి" అనేయకండి. మొన్న నరసాపురంలో మా పిన్నిని ఏం పని చేస్తావని ఊరికే అడిగి చూశాను. "ఏముందే, ఖాళీయే" అంది. ఒళ్లో నూలుండ, చేతిలో లేసు సూది, మాట్లాడుతున్నంతసేపూ పువ్వు అల్లుతూనే ఉంది! 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు, వచ్చింది ఆ లేసుకే మరి. డబ్బుకి చేసేది ఇంట్లో కూర్చుని చేసినా పనే. నాట్లు, కలుపు, రొయ్యలు వలవడం, ఏడాది మొత్తంలో కలిపి 30 రోజులు చేసినా లెక్కలోకి వస్తుంది. చదువుకోలేదని మొహమాటపడొద్దు, చదువు సంగతి వాళ్లు విడిగా రాసుకుంటారు. పాలు పోసేవాళ్లు గేదెల పని కూడా చెప్పండి, అది అందరూ మర్చిపోతారు.