శాతం చూసి కాదు, రిపోర్టు చదివి చెప్పండి: వైస్ చాన్సలర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మా విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్ గారికి,

నమస్కారం. గత నెల నా థీసిస్‌ను కాపీ ఉందేమో చూసే సాఫ్ట్‌వేర్‌లో పెడితే సిమిలారిటీ (ఇతర రచనలతో పదాల పోలిక) 23 శాతం వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టు తెరవకుండానే ‘కాపీ’ అని థీసిస్‌ను వెనక్కి పంపారు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపట్టలేదు. తెల్లారి కూర్చుని రిపోర్టు మొత్తం చదివాను. పోలిక ఉందని రంగు పడిన చోట్లలో సగానికి పైగా రిఫరెన్సుల జాబితా, పేరు చెప్పి కొటేషన్లలో ఇచ్చిన వాక్యాలు, చట్టాల సెక్షన్లే.

2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలు 10 శాతం దాకా తప్పు పట్టవు. అయితే పోలిక చూసేటప్పుడు రిఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, ఆధారం చూపిన ఉల్లేఖనలు, చట్టాలు, ప్రామాణిక సమీకరణాలు పక్కన పెట్టమనీ అవే చెబుతున్నాయి. అందరికీ తెలిసిన మాటలు వరసగా 14 పదాల వరకు కలిసినా లెక్కలోకి రావు. నా విషయంలో ఇవేవీ తీసేయలేదు.

సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది పదాల పోలికే. ఎవరి ఆలోచన ఎవరు ఎత్తుకున్నారో అది చెప్పలేదు. 5 శాతం వచ్చిన థీసిస్‌లోనూ దొంగిలించిన పేరా ఉండొచ్చు. నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది: శాతం తగ్గించడానికి నా తోటివాళ్లు సరైన పారిభాషిక పదాలు తీసేసి, అర్థం చెడే పదాలు పెడుతున్నారు.

సార్! గైడు, విద్యార్థి కలిసి రిపోర్టు చదివాకే నిర్ణయం తీసుకోవాలని ఉత్తర్వు ఇవ్వండి. తిప్పి పంపితే, ఏ పేజీలో ఏ వాక్యం తప్పో రాసి పంపమనండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని